పెకింగ్ నుంచి పారిస్‌కు ఐదు బళ్లు

1907 జనవరి 31న పారిస్‌లోని ‘ల మాతాన్’ దినపత్రిక పాఠకుల ముందు ఒక సవాలు ఉంచింది. ఆ వేసవిలో పారిస్ నుంచి చైనా రాజధాని పెకింగ్‌కు మోటారు కారులో వెళ్లగల మొనగాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నది దాని సారాంశం. ముందుకొచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. తీరా బయలుదేరే వేళకు మిగిలినవి ఐదు బళ్లు, పదకొండు మంది మనుషులు. చైనాలో వానలు పడి కొండ దారులు మూసుకుపోకముందే ఆ భాగం దాటేయాలని ప్రయాణాన్ని తిరగేసి పెకింగ్‌లోనే మొదలుపెట్టారు. జూన్ 10 ఉదయం బళ్లు కదిలాయి. గమ్యం సుమారు 15 వేల కిలోమీటర్ల దూరంలో ఉంది.

అప్పటికి మోటారు పందేలు కొత్తవేమీ కావు. అమెరికన్ పత్రికాధిపతి జేమ్స్ గోర్డన్ బెన్నెట్ పేరిట 1900 నుంచి 1905 దాకా దేశాల మధ్య కప్పు పోటీలు జరిగాయి. దేశానికి మూడు కార్లకు మించి పంపకూడదు, కారులోని ప్రతి భాగమూ ఆ దేశంలోనే తయారై ఉండాలి అన్నది నియమం. 1903 మే 24న మొదలైన పారిస్–మాడ్రిడ్ పందెంలో కార్లు మామూలు రోడ్ల మీదే గంటకు వంద కిలోమీటర్లు దాటి పరుగెత్తాయి. దుమ్ము లేచి ముందున్న దారి కనబడలేదు, జనం రోడ్డు పక్కనే నిలబడ్డారు. రెనో కంపెనీ స్థాపకుల్లో ఒకడైన మార్సెల్ రెనో సహా పలువురు చనిపోయారు. బోర్డో చేరేసరికి ప్రభుత్వం పందెం ఆపించేసింది. ఆ తర్వాత పందేలు మూసిన చుట్టుదారుల్లోకి మారాయి. 1906లో ల మాన్ దగ్గర జరిగిన మొదటి ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీని రెనో కారులో ఫెరెన్స్ సిస్ గెలిచాడు.

దాంతో మంచి రోడ్డు మీద మోటారు ఎంత జోరుగా పోగలదో తేలిపోయింది. అసలు రోడ్డే లేనిచోట పోగలదా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. ప్రపంచంలో ఎక్కువ భాగానికి కావలసిన జవాబు ఆ రెండోదానికే. ఉత్తరాంధ్రనే చూస్తే, పెకింగ్ పందెం జరిగిన 1907లోనే డబ్ల్యు. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్ వెలువడింది. అప్పటికి సాలూరు, కోరాపుట్, జైపూరు అన్నీ ఆ ఒక్క జిల్లాలోవే. మైదానం ముగిసి కొండ మొదలయ్యేచోట సాలూరు ఉంది. అక్కడి నుంచి పైకి ఉప్పు ఎక్కాలన్నా, పై నుంచి ధాన్యం దిగాలన్నా ఎడ్లబండి, లేదా పెరికెద్దుల బారు. అదే ఊరికి తర్వాత రోజుల్లో రాష్ట్రంలో విజయవాడ తర్వాత ఎక్కువ లారీలున్న ఊరన్న పేరొచ్చింది. విశాఖ–రాయపూర్ దారిలో, పాతవాళ్లు నలభైమూడో నంబరు అనే నేటి 26వ జాతీయ రహదారిలో, సాలూరు దాటగానే మొదలయ్యే ఘాట్‌ను రోజూ ఎక్కి దిగే డ్రైవరుకు పెకింగ్–పారిస్ పందెంలోని సమస్యల్లో సగానికి సగం చేతికి తెలిసినవే. బరువు, వాలు, వేడి, బురద, చక్రం: ఆ అరవై రోజుల కథంతా వీటి చుట్టూనే తిరిగింది.

బళ్లు, మనుషులు

ఐదింటిలో పెద్దది ఇటలీలో తయారైన ఇటాలా. నాలుగు సిలిండర్ల ఇంజను, ఏడున్నర లీటర్లకు కాస్త తక్కువ పరిమాణం, 40 అశ్వశక్తికి పైబడిన బలం. చక్రాలకు శక్తి గొలుసులతో కాక షాఫ్టు ద్వారా అందుతుంది. సరుకంతా ఎక్కించాక బండి బరువు రెండు టన్నులకు దరిదాపుల్లో ఉండేది. దాని యజమాని ప్రిన్స్ షిపియోనే బోర్గేసే రోము నగరపు పాత దొరల వంశస్థుడు, ఇటలీ పార్లమెంటు సభ్యుడు, అంతకుముందే ఆసియాలో దూరప్రయాణాలు చేసినవాడు. పక్కన మెకానిక్ ఎట్టోరే గ్విట్సార్డీ. రైలు ప్రమాదంలో తండ్రిని పోగొట్టుకుని తానూ గాయపడ్డ కుర్రాడిగా బోర్గేసే ఇంటికి చేరి, అక్కడే యంత్రాల పని నేర్చినవాడు. బండి నడిపింది ఎక్కువగా అతనే. వెనక సీటులో ‘కొరియెరే దెల్లా సేరా’ పత్రిక విలేఖరి లుయీజీ బర్జీనీ.

ఫ్రెంచి డి డియోన్ బూటోన్ కార్లు రెండు, ఒక్కోటి 10 అశ్వశక్తివి. వాటిని జార్జ్ కోర్మియే, విక్టర్ కొలిన్యోన్ నడిపారు. హాలండ్‌లో తయారైన 15 అశ్వశక్తి స్పైకర్‌ను షార్ల్ గోదార్ నడిపాడు. గోదార్ దగ్గర డబ్బు లేదు. ఓడ ఖర్చులకు బండి విడిభాగాలే అమ్మాడని చెబుతారు. దారిపొడుగునా అప్పులు చేసుకుంటూ, మాటలతో నెట్టుకొచ్చాడు. డ్రైవింగులో మాత్రం అతనికి వంక పెట్టలేం. ఐదోది కొంతాల్ అనే మూడు చక్రాల బండి, 6 అశ్వశక్తిది. దాని మీద ఒగుస్త్ పోన్స్, అతని మెకానిక్ ఫూకో.

పందెమంటే చిన్న బండే మేలని ఫ్రెంచివాళ్ల వాదన. బరువు తక్కువైతే పెట్రోలు తక్కువ తాగుతుంది, దిగబడితే నలుగురు కలిసి ఎత్తేయొచ్చు. బలమైన బండయితే ఎక్కడ దిగబడ్డా తనంతట తానే బయటపడుతుందని, సరుకు ఎక్కువ మోయగలదని బోర్గేసే వాదన. ఫలితాన్నిబట్టి బోర్గేసేదే సరైనదని అప్పట్లో అందరూ తీర్మానించుకున్నారు. అది తొందరపాటు. డి డియోన్లు రెండూ చివరిదాకా వచ్చాయి, స్పైకరూ వచ్చింది. బోర్గేసేను గెలిపించినవాటిలో ఇంజను బలం ఒకటి మాత్రమే. పందేనికి ముందే అతను గుర్రమెక్కి పెకింగ్‌కు ఉత్తరాన ఉన్న కొండ దారులు తిరిగొచ్చాడు. ఇటాలా వెడల్పుకు సరిగ్గా కోసిన వెదురుకర్ర ఒకటి చేత పట్టుకుని, ఇరుకైన ప్రతి సందు దగ్గరా అడ్డంగా పెట్టి చూశాడు. కర్ర పట్టిన చోట కారు పడుతుంది. పట్టనిచోట బండను చెక్కించాలి, లేదా వేరే దారి వెతకాలి. పెట్రోలు, నూనె, టైర్లు ఎక్కడెక్కడ నిలవ ఉంచాలో కూడా ముందే లెక్క వేసుకున్నాడు. గోబీ ఎడారిలోకి పెట్రోలు ఒంటెల మీద ముందుగా వెళ్లింది. మోటారు యుగానికి దారి వేసిన పందేనికి ఇంధనం మోసింది ఒంటెలే.

ఎక్కుడు, దిగుడు

పెకింగ్ వదలగానే నాన్‌కౌ కనుమ. ఏరుల అడుగున బండరాళ్ల మధ్య సాగే దారి అది. అక్కడ ఇంజన్ల పని లేకపోయింది. బోర్గేసే కారు మడ్‌గార్డులు, పైతొడుగు విప్పించి బరువు తగ్గించాడు. కూలీలూ కంచరగాడిదలూ తాళ్లు కట్టి బళ్లను కల్గాన్ పట్టణం దాకా లాగారు.

ఇంజనుకు బలం చాలకనే ఇలా లాగించారని అనుకోవడం సహజం. లెక్క చూస్తే విషయం వేరు. పది మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేచే వాలు తీసుకుందాం. రెండు టన్నుల బండిని భూమి వెనక్కి లాగే బలం దాని బరువులో పదోవంతు, అంటే 200 కిలోలు. గట్టి రోడ్డు మీద చక్రాలు దొర్లడానికి అయ్యే అడ్డు బరువులో సుమారు నూటికి రెండు వంతులు, మరో 40 కిలోలు. మొత్తం 240 కిలోల లాగుడు. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో అలా లాగడానికి సుమారు 9 అశ్వశక్తి చాలు, 5 కిలోమీటర్లకు అందులో సగమే చాలు. ఇటాలాకు ఇది లెక్కలోది కాదు. దానికన్నా తేలికైన డి డియోన్‌కు కూడా, గేరుపెట్టెలో రాపిడికి పోయేది తీసేసినా, నెమ్మదిగా ఎక్కడం అసాధ్యం కాదు.

ఇక్కడ పని చేసేది గేరు. చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజను ఎక్కువసార్లు తిరిగేలా పళ్లచక్రాలను కలిపితే వేగం తగ్గుతుంది, ఆ మేరకు లాగుడు పెరుగుతుంది. శక్తి పెరగదు, ఉన్న శక్తే రూపం మార్చుకుంటుంది. సాలూరు దాటి ఘాట్‌లో సుంకి ఊరి వైపు ఎక్కే లోడు లారీ ఫస్టు, సెకండు గేర్లలో మూలుగుతూ నడక వేగంతో పోవడం బలహీనత కాదు, బేరం. నాన్‌కౌలో అడ్డు వచ్చింది వాలు కాదు, బండరాళ్లు. చక్రం ఎత్తులో సగానికి చేరువైన రాయి ఎదురైతే ఎంత గేరు మార్చినా చక్రం దాన్ని ఎక్కలేదు. ఇరుసు కింద రాయి తగిలితే బండి అక్కడే ఆగిపోతుంది.

ఎక్కడం సంగతి ఇలా ఉంటే, దిగడంలో చిక్కు మరో రకం. ఆనాటి కార్లకు బ్రేకులు వెనక చక్రాలకు, గేరుపెట్టె వెనక తిరిగే షాఫ్టుకు మాత్రమే ఉండేవి. ముందు చక్రాలకు బ్రేకు లేదు. వాలులో దిగేటప్పుడు బండి బరువు ముందు చక్రాల మీదికి వాలుతుంది, బ్రేకున్న వెనక చక్రాలు తేలికవుతాయి. అంటే అవసరమైన సమయంలోనే పట్టు తగ్గుతుంది. ముందు చక్రాల బ్రేకులు మామూలు కార్లకు విరివిగా వచ్చింది 1920ల్లోనే.

బ్రేకు చేసే పనల్లా కదలికను వేడిగా మార్చడం. ఎత్తు నుంచి దిగిన ప్రతి మీటరుకూ బండి బరువుకు తగ్గ శక్తి ఎక్కడో ఒకచోట వేడై తీరాలి. రెండు టన్నుల కారు 500 మీటర్లు దిగితే బయటపడే శక్తితో 29 లీటర్ల చన్నీళ్లను మరిగించవచ్చు. సాలూరు సముద్రమట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తున ఉంది, కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున. 25 టన్నుల లారీ ఆ 750 మీటర్ల తేడా దిగివచ్చేసరికి వదిలే శక్తి దాదాపు 550 లీటర్ల నీళ్లను మరిగించేటంత. ఆ వేడినంతా బ్రేకు డ్రమ్ముల మీదే మోపితే లైనింగులు కాలి పొగలొస్తాయి, డ్రమ్ము వ్యాకోచించి లైనింగుకు దూరమవుతుంది, కాలు ఎంత నొక్కినా బండి ఆగదు. ఎక్కిన గేరులోనే దిగాలన్న డ్రైవర్ల నియమం వెనకున్న శాస్త్రం ఇదే. చక్రాలు ఇంజనును తిప్పుతుంటే గాలిని నొక్కడంలో, రాపిడిలో ఆ శక్తి కొంత ఖర్చవుతుంది. వేడి బ్రేకులకు బదులు ఇంజను ద్వారా, సైలెన్సరు ద్వారా బయటికి పోతుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం ఆ సహాయాన్ని చేజేతులా తెంచుకోవడమే. డీజిల్ పంపు కాలు తీయగానే తనంతట తాను కట్టేస్తుంది కాబట్టి వాలులో గేరులో దిగే బండికి మిగిలేదీ పెద్దగా ఏమీ ఉండదు.

ఇసుక, వేడి, మూడో చక్రం

కల్గాన్ తర్వాత మంగోలియా పీఠభూమి. గోబీ అనగానే ఇసుక తిన్నెలు మనసులో మెదులుతాయి గానీ, ఆ దారిలో ఎక్కువ భాగం గట్టి గులకనేల. అక్కడ ఇటాలా అసలు పరుగు బయటపడింది. వెయ్యి కిలోమీటర్లకు పైబడిన కల్గాన్–ఉర్గా దూరాన్ని ఒంటెల బిడారులు వారాల తరబడి నడుస్తాయి. ఇటాలా వారం తిరక్కుండానే ఉర్గా, అంటే నేటి ఉలాన్‌బాతర్, చేరింది. దారి చూపింది టెలిగ్రాఫు స్తంభాల వరస. రోడ్డు లేదు, స్తంభాలున్నాయి. ఆ తీగ మీదే బర్జీనీ వార్తలు పంపేవాడు. హాంగ్‌పాంగ్ అనే ఎడారి స్టేషనులో అతనిచ్చిన టెలిగ్రాముకు వేసిన వరస సంఖ్య ఒకటి. స్టేషను పెట్టి ఆరేళ్లయినా అక్కడి నుంచి ఎవరూ ఏదీ పంపలేదు.

మెత్తటి ఇసుక తగిలినచోట లెక్కలు తారుమారవుతాయి. గట్టి రోడ్డు మీద బరువులో నూటికి రెండు వంతులుండే దొర్లుడు అడ్డు, వదులు ఇసుకలో ఇరవై వంతులు కూడా దాటుతుంది. చదునైన ఇసుకనేల మీద పోవడమంటే ఐదింటికి ఒకటి చొప్పున లేచే కొండ ఎక్కడంతో సమానం. చక్రం తన ముందు ఇసుకను గుట్టగా తోసుకుంటూ, ఆ గుట్టను తానే ఎక్కాల్సి వస్తుంది. సాలూరు దగ్గర వేగవతి ఏటి ఇసుకలో దిగబడిన ట్రాక్టరును చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. చక్రాన్ని ఇంకా జోరుగా తిప్పితే గొయ్యి లోతవుతుంది తప్ప బండి కదలదు. టైరులో గాలి తగ్గించడమే సరైన ఉపాయం. నేలను తాకే జాగా పెరిగితే ప్రతి అంగుళం మీదా పడే భారం తగ్గి, చక్రం తక్కువ దిగబడుతుంది.

బలమంతా వాడుతూ నెమ్మదిగా పోయే బండికి మరో గండం వేడి. పెట్రోలు ఇంజను ఇంధనంలోని శక్తిలో కొద్ది భాగాన్నే చక్రాలకు ఇస్తుంది, మిగతాదంతా వేడే. ఆ వేడిని నీళ్లు రేడియేటర్‌కు మోసుకొస్తే అక్కడ గాలి తీసుకుపోవాలి. బండి జోరుగా పోతే గాలి బాగా తగులుతుంది. ఇసుకలో ఈడ్చుకుంటూ పోతే వేడి ఎక్కువ, గాలి తక్కువ. పైగా పీఠభూమి ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు 100 డిగ్రీలకు ముందే, 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆనాటి రేడియేటర్లకు ఒత్తిడి మూతలు లేవు. మరిగిన నీరు ఆవిరై పోవడమే. కాబట్టి ఎడారిలో మనుషులతో సమానంగా బండికీ తాగునీళ్లు మోయాల్సి వచ్చింది.

కొంతాల్ ఓడింది ఇక్కడే. దానికి ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. ఇంజను తిప్పేది వెనకదాన్నే. ఒక మనిషీ కొంత సరుకూ ముందు భాగంలో ఉంటాయి కాబట్టి లాగే చక్రం మీద తగినంత బరువు పడదు. చక్రం పట్టు దాని మీద పడే బరువును బట్టి ఉంటుంది, పట్టు లేని బలం చక్రాన్ని ఊరికే తిప్పుతుంది. బళ్ల జాడల్లో ముందు రెండు చక్రాలూ నడుస్తుంటే, వెనకది ఆ జాడల మధ్య ఎవరూ తొక్కని మట్టిలో దున్నుకుంటూ రావాలి. 6 అశ్వశక్తి ఆ పనికి ఏమాత్రం చాలలేదు. పోన్స్, ఫూకో పెట్రోలు అయిపోయి ఎడారిలో చిక్కుబడ్డారు. నీళ్లు లేక చావు అంచులదాకా వెళ్లినవాళ్లను స్థానిక మంగోలులు కాపాడారు. బండి అక్కడే ఉండిపోయింది. కష్టమైన భాగం దాటేదాకా అందరూ కలిసి పోవాలన్న మాట అప్పటికే గాలికి పోయింది, ఇటాలా ముందుకెళ్లిపోయింది. ఈ ఘట్టంలో తోటివాళ్లెవరికీ మంచి పేరు రాలేదు, రానక్కర్లేదు కూడా.

బురద, పట్టాలు, వంతెన

ఉర్గాకు ఉత్తరాన దారి చిత్తడినేలల్లోకి దిగింది. ఒకచోట ఇటాలా ఊబిలోకి దిగిపోతుంటే ఎడ్లతో లాగించారు. వాగులు దాటేటప్పుడు మాగ్నెటో తడవకుండా చూసుకోవడం పెద్ద పని. మాగ్నెటో అంటే శాశ్వత అయస్కాంతాల మధ్య తీగచుట్టను ఇంజనే తిప్పుతూ విద్యుత్తు పుట్టించే చిన్న పరికరం. సిలిండరులో పెట్రోలు ఆవిరిని అంటించే నిప్పురవ్వ దాని నుంచే వస్తుంది. బ్యాటరీ అక్కర్లేదు, ఛార్జింగు అక్కర్లేదు, అందుకే దూరప్రయాణాలకు అది వరం. తడిస్తే మాత్రం విద్యుత్తు రవ్వగా దూకకుండా నీటి దారిన జారిపోతుంది. అప్పుడు ఇంజను ఎంత మంచిదైనా మొద్దే.

సైబీరియాలో బైకాల్ సరస్సు దక్షిణ తీరాన రోడ్డు పాడైపోయి ఉంది. రైల్వే వచ్చాక పాత బండి రోడ్డును పట్టించుకునేవాళ్లు లేకపోయారు, వంతెనలు కుళ్లిపోయాయి. అలాంటి ఒక చెక్క వంతెన మీద ఇటాలా పోతుండగా పలకలు విరిగి కారు వెనక వైపు నుంచి కిందికి జారి, రేడియేటరు ఆకాశం వైపు చూస్తూ నిలువునా ఇరుక్కుపోయింది. ముగ్గురూ ప్రాణాలతో బయటపడ్డారు. రైల్వే పనివాళ్లు దూలాలూ తాళ్లూ తెచ్చి బండిని పైకి లాగారు. కొద్ది గంటల్లో ఇంజను తిప్పితే అంటుకుంది. రెండు పొడవాటి ఉక్కు కడ్డీల మీద అన్నీ బిగించిన ఆ చట్రం వంగకపోవడమే దీనికి కారణం. లారీల చాసిస్ ఇప్పటికీ ఆ పద్ధతిలోనే ఉంటుంది.

రోడ్డు పనికిరాదని తేలాక బోర్గేసే అనుమతి తెచ్చుకుని ట్రాన్స్–సైబీరియన్ రైలు పట్టాల మీదే కారు నడిపించాడు. ఒక వైపు చక్రాలు రెండు పట్టాల మధ్య, రెండో వైపువి పట్టా బయట స్లీపర్ల కొసల మీద. స్లీపరు స్లీపరుకూ ఒక కుదుపు. రైళ్ల వేళలు చూసుకుంటూ, ఎదురుబండి రాకముందే తర్వాతి స్టేషనుకు చేరాలి. సస్పెన్షను సంగతి అటుంచి, మనిషి వెన్నెముక ఆ దారిలో తట్టుకోవడమే విశేషం.

వెనకబడిన బళ్లలో స్పైకర్‌కు వేరే కష్టం వచ్చింది. ఇర్కుత్స్క్ దాటాక దాని మాగ్నెటో చెడిపోయింది. గోదార్ బండిని రైలెక్కించి తోమ్‌స్క్ నగరంలోని సాంకేతిక విద్యాసంస్థకు తీసుకెళ్లాడు. అక్కడ బాగుచేయించుకున్నాక, ఆగిపోయిన చోటికే మళ్లీ రైల్లో తిరిగొచ్చి, ఆ దూరాన్ని నడిపి మరీ వచ్చాడు. రాత్రనక పగలనక నడిపి డి డియోన్లను కలుసుకున్నాడు. ఎవరూ చూడనిచోట రైలు దిగకుండా ముందుకెళ్లిపోయే వీలున్నా అలా చేయకపోవడం, అప్పుల గోదార్ గురించి చెప్పుకోవలసిన మంచి మాట.

చెక్క చక్రం

ఇటాలాకు పారిస్ అందకుండా పోయేటంత ప్రమాదం ఉరల్ కొండల దగ్గర, పెర్మ్ నగరం అటూఇటూగా వచ్చింది. ఆనాటి కార్ల చక్రాలకు ఆకులు చెక్కవే, అంచున గాలి టైరు. వారాల తరబడి ఎండకూ గాలికీ ఎండి, బురదలోనూ స్లీపర్ల మీదా దెబ్బలు తిని ఒక వెనక చక్రం ఆకులు వదులైపోయాయి. బండి కదిలితే కిర్రుకిర్రుమనేది.

చెక్క పీచుల్లోకి తడి చేరితే అడ్డంగా ఉబ్బుతుంది, పొడుగునా మాత్రం దాదాపు మారదు. ఎండితే అంతకంతా కుంచించుకుంటుంది. ఆకు కొస కూర్చున్న రంధ్రంలో ఒక్క వెంట్రుకవాసి సందు ఏర్పడినా, బండి బరువు ప్రతి తిప్పులోనూ ఆ కొసను అటూఇటూ కొట్టి సందును పెంచుతుంది. ఇటాలా చక్రాన్ని పెర్మ్‌లో స్నానాలగదిలో ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో మే నెలలో ఎడ్లబండి చక్రాలను చెరువులో పడేసి నానబెట్టేవాళ్లు చేసినది కూడా ఇదే పని. ఆకులు ఉబ్బి బిగిస్తాయి, వదులైన ఇనుప పట్టా మళ్లీ పట్టుకుంటుంది. ఎడ్లబండికి ఇది ఒక పంటకాలం సరిపోతుంది. రెండు టన్నుల బరువుతో, ఇంజను తిప్పుడుతో పరుగెత్తే చక్రానికి మాత్రం ఎక్కువసేపు ఆగలేదు. లాగే చక్రంలోని ఆకు బరువు మోయడంతో ఆగదు, ఇరుసు తిప్పుడును అంచుకు చేర్చే పని కూడా దానిదే. ప్రతి ఆకూ ఒకేసారి నలుగుతూ, పక్కకు వంగుతూ ఉంటుంది.

పెర్మ్ దాటాక చక్రం విరిగింది. కొత్త చక్రం తెప్పించాలంటే వారాలు పడుతుంది. బండ్ల చక్రాలు చేసే రష్యన్ పల్లె వడ్రంగి ఒకాయనను వెతికి పట్టుకున్నారు. మోటారు చక్రం చేసిన అనుభవం ఆయనకు లేదు. చేతిలో గొడ్డలి తప్ప చెప్పుకోదగ్గ పనిముట్టూ లేదు. విరిగినదాన్ని చూసుకుంటూ ఒక్కో ఆకును గొడ్డలితోనే చెక్కి, పాత లోహపు భాగాల్లో బిగించి ఇచ్చాడు. ఆ చక్రంతోనే ఇటాలా పారిస్ చేరింది. వెల లేని పని అది. దూరం పోయేకొద్దీ యంత్రానికి కావలసింది దాన్ని చేసిన ఫ్యాక్టరీ కాదు, దారిలో దొరికే చేతిపనివాడు. బాడీ బిల్డింగు, కమ్మరి, కట్టుపని, పంచర్ల షాపులు బారులు తీరి ఉంటేనే లారీల ఊరు లారీల ఊరవుతుంది.

పారిస్, ఆ తర్వాత

పడమరకు పోయేకొద్దీ దారి మెరుగుపడింది, మాస్కో దాటాక పందెం పేరుకు మాత్రమే మిగిలింది. బోర్గేసేకు తన వెనక ఎవరూ దరిదాపుల్లో లేరని తెలుసు. సెయింట్ పీటర్స్‌బర్గ్ వైపు తిరిగి అక్కడి విందుకు హాజరై, తర్వాతే బెర్లిన్ దారి పట్టాడు. బెల్జియంలో వేగం మించిందని ఒక పోలీసు బండి ఆపి ఎక్కణ్నుంచి వస్తున్నారని అడిగితే, పెకింగ్ నుంచి అని జవాబు వచ్చింది. ఆయన నమ్మలేదు.

1907 ఆగస్టు 10న ఇటాలా పారిస్‌లో అడుగుపెట్టింది. రెండు నెలలు, రోజుకు సగటున 240 కిలోమీటర్లకు పైన. బహుమతి ఒక పెద్ద సీసా షాంపేన్ అని చెబుతారు. డి డియోన్లు రెండూ, స్పైకరూ ఆగస్టు 30న వచ్చాయి. స్పైకర్ చక్రం వెనక గోదార్ లేడు. మోసంతో డబ్బు తీసుకున్నాడన్న ఆరోపణ మీద జర్మనీలో అతన్ని పట్టుకుపోయారు, బండిని వేరొకరు తెచ్చారు.

మరుసటి ఏడాది ‘ల మాతాన్’, ‘న్యూయార్క్ టైమ్స్’ కలిసి ఇంకా పెద్ద పందెం పెట్టాయి. 1908 ఫిబ్రవరి 12న న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో మొదలై, అమెరికా, పసిఫిక్, సైబీరియాల మీదుగా పారిస్‌కు. జర్మన్ ప్రోటోస్ కారు జులై 26న ముందు చేరినా, అమెరికాలో కొంతదూరం రైల్లో వచ్చినందుకు, మరొక భాగం చేయనందుకు దానికి 30 రోజుల జరిమానా పడింది. జులై 30న చేరిన అమెరికన్ థామస్ ఫ్లయర్‌ను విజేతగా ప్రకటించారు. దాన్ని ఎక్కువదూరం నడిపినవాడు జార్జ్ షుస్టర్ అనే మెకానిక్. గోదార్, పోన్స్ ఇద్దరూ ఆ పందెంలోనూ వేరే బళ్లతో దిగారు, ఇద్దరూ చివరికి చేరలేదు. గోబీలో దాహంతో పడిపోయిన ఆ పోన్స్ కూతురే తర్వాత న్యూయార్క్ మెట్రొపాలిటన్ ఒపేరాలో పేరుపొందిన గాయని లిలీ పోన్స్.

బర్జీనీ తన యాత్రను 1908లో పుస్తకంగా తెచ్చాడు, అది పలు భాషల్లోకి వెళ్లింది. బోర్గేసే 1927లో మరణించాడు. ఇటాలా కంపెనీ 1930ల్లో మూతపడింది, పందెం గెలిచిన కారు టురిన్ నగరంలోని మోటారు మ్యూజియంలో ఉంది.